సెక్రటరీ పళ్ళెం

"మళ్ళీ అడుగుతాండా. నిన్న అయిదూ పదికి నువ్వు తిన్న్యావా, తినలేదా?"

కటకటాల వెనక గోడకానుకుని కూర్చున్న కుర్రవాడు తల ఎత్తలేదు.

"రిజిస్టర్లో రాసినాను కద సార్."

"రాసింది చదివినా. నోటితో చెప్పు."

"రాసిందే నేను చెప్పేది సార్."

దేవేంద్రప్ప జేబులోంచి గడియారం తీశాడు. శనివారం మధ్యాహ్నం రెండూ ఇరవై. ఆ ప్రశ్న అడగడం అది అయిదోసారి. ఆ జవాబు రావడమూ అయిదోసారే. ఇరవై రెండేళ్ళు సి.ఐ.డి.లో చేసి, పై అధికారితో పేచీ పడి, కర్నూల్లో సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి ఆయన. అబద్ధాలాడేవాళ్ళతో ఆయనకు చిక్కులేదు. అబద్ధానికి తోక ఉంటుంది, పట్టుకుని లాగవచ్చు. అసలు నోరే విప్పనివాణ్ణి ఎక్కడ పట్టుకోవాలి?

జరిగింది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నిన్న శుక్రవారం మిషన్ కాలేజీలో విద్యార్థుల 'సోషల్' జరిగింది. అన్ని కులాల పిల్లలూ, కొత్తగా చేరిన ఆరుగురు ఆడపిల్లలూ, అధ్యాపకులూ ఒక్క హాల్లో కూర్చుని నాలుగు పాటలు పాడుకుని ఫలహారం చేసి పోవడం. కాలేజీ పుట్టాక అలాంటిది అదే మొదలు. కిందటేడు వనభోజనంలో ఏసన్న అనే విద్యార్థి తుంగభద్రలో మునిగి చనిపోయాక ప్రిన్సిపాల్ దొర పిల్లల వేడుకలన్నీ ఆపేశాడు. కటకటాల వెనక ఉన్న ఈ లేవి, బి.ఏ. చదివే కూలివాళ్ళ పిల్లవాడు, ఏడాదిపాటు దొర చుట్టూ తిరిగి, పదకొండు నియమాలు రాసి, వాటికి తానే పూచీ అని ఒప్పించాడు. ఆ నియమాల్లో ఒకటి: వండిన ప్రతిదీ ముందు సెక్రటరీ తినాలి, టైము వేసి సంతకం పెట్టాలి, అరగంట ఆగాకే మిగతావాళ్ళకు వడ్డన.

సెక్రటరీ లేవియే. అయిదూ పదికి సంతకం పెట్టాడు. అయిదూ నలభైకి అరవై మంది తిన్నారు. అరవై మందికీ ఏమీ కాలేదు. కానీ వేదిక వెనక గదిలో తెరలు కడుతున్న ముగ్గురు విద్యార్థులు అయిదూ యాభైకి గొంతెండి, ఒళ్ళు తెలియని మాటలు మాట్లాడుతూ పడిపోయారు. ఇద్దరు తేరుకున్నారు గాని వాళ్ళకేమీ గుర్తు లేదు. మూడోవాడు మద్దిలేటికి ఇంకా స్పృహ రాలేదు. ఆ ముగ్గురికీ ఫలహారం తెచ్చి చేతికిచ్చింది లేవి అని చూసినవాళ్ళు చెప్పారు.

"ముగ్గురికీ ఏంటికి ముందే పెట్టినావు? ఎవరూ తినకముందే?"

"ఆకలి మీద ఉన్న్యారు సార్."

"నువ్వు తిన్నదే పెట్టినావా?"

కుర్రవాడు చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"లేవీ, నీ మొగం చూసి కాదు, మీ దొర అడిగినాడని వచ్చినా. నాకే సాయం చెయ్యకపోతే ఎట్ల?"

"నేను చెప్పాల్సింది సోమవారం ఉండాది సార్. కాలేజీ తనిఖీకి యూనివర్సిటీ కమిటీ వస్తాది. వాళ్ళ ముందర చెప్తా. ఆడిదాకా అడగొద్దండి."

పక్కన పొద్దున పెట్టిన సంగటి ముద్ద ముట్టకుండా ఎండిపోయి ఉంది. కాపలా కానిస్టేబుల్ గొణిగాడు. "తిండి వద్దన్న్యాడు సార్. తలకు నూనె మాత్రం అడిగి రాసుకున్న్యాడు. లాకప్పులో సోకు!"

నిజమే. మొహం తేటగా కడుక్కుని, జుట్టు నున్నగా దువ్వుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. దేవేంద్రప్పకు ఒళ్ళు మండింది.

వెనక నుంచి బూట్ల చప్పుడు. సబ్ ఇన్‌స్పెక్టర్ పుల్లయ్య. కమలాపురం నుంచి బదిలీ మీద వచ్చి ఆరు నెలలు. వచ్చిన రోజు నుంచి ఆయనకూ దేవేంద్రప్పకూ ఉప్పూ నిప్పూ.

"ఏమప్పా దేవేంద్రప్పా, రాయి మాట్లాడిందా?"

"నీకన్నా నయంగానే మాట్లాడుతాండాది."

"మాట్లాడేదేముండాదిలే. ముగ్గురికి పెట్టింది వీడు. తిన్న్యానని సంతకం చేసింది వీడు. ఆ ముగ్గురూ పడిపోయిరి, వీడు గుండ్రాయి మాదిరి ఉండాడు. అంటే విషం యాడుండాదో వీనికి తెలుసు. ఇంగేం కావల్ల?"

"ఏంటికి పెడతాడప్పా? ఏడాది తిరిగి తెచ్చుకున్న వేడుకను వాడే పాడు చేసుకుంటాడా?"

"మద్దిలేటికీ వీనికీ సెక్రటరీ ఎలక్షన్లో పోటీ."

"గెలిచింది వీడు. గెలిచినోడు ఓడినోనికి విషం పెట్టింది యాడన్నా విన్న్యావా?"

"అది కోర్టు అడుగుతాదిలే. నువ్వు పింఛను తీసుకునేవానివి, ఇంటికాడ కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకోరాదా?" పుల్లయ్య బల్ల మీది రిమాండు కాగితాన్ని వేలితో తట్టాడు. "ఆరున్నరకు ఇది మేజిస్ట్రేటు గారింటికి పోతాది. నా సంతకం ఒక్కటే తక్కువ."

అదే ఆరున్నరకు కాలేజీలో దొర కూడా రెండు కాగితాల మీద సంతకం పెడతాడు. ఒకటి లేవిని కాలేజీ నుంచి తీసేస్తున్నట్టు. రెండోది విద్యార్థి సంఘాన్ని రద్దు చేస్తున్నట్టు. ఇక ఆ కాలేజీలో పదిమంది పిల్లలు ఒకచోట కూడి టీ తాగాలన్నా కుదరదు.

*

మూడూ ఇరవైకి దేవేంద్రప్ప కాలేజీ హాల్లో అడుగుపెట్టి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

బండలు అద్దంలా మెరుస్తున్నాయి. వంటపాకలో గిన్నెలు తోమి బోర్లించారు. రోలు కడిగి ఎండబెట్టారు. చెత్తకుండీ ఖాళీ. వాడిన ఇస్తరాకులు ఆవుల పాలయ్యాయి. కడుపు నిండా భోంచేసి మూతి తుడుచుకున్నట్టుంది హాలు.

"ఎవరు కడగమన్న్యారు దీన్ని?"

"నేనే సార్." తెల్లకోటు వేసుకున్న సన్నటి మనిషి మెత్తగా నడుస్తూ వచ్చాడు. హాస్టల్ వార్డెన్ జ్ఞానరాజు. "సోమవారం కమిటీ వస్తాది. ఈ అసహ్యం వాళ్ళ కంట పడగూడదని పొద్దున్నే పనోళ్ళను పెట్టించినా."

"రుజువంతా కడిగించినావు స్వామీ!"

"నాకు తోచలేదు సార్. తప్పే." వార్డెన్ తల దించుకున్నాడు. "లేవి మంచి పిల్లోడే. ఈ మధ్యనే మతి చలించినట్లుండాడు. అదీ ఇదీ కల్పించుకుని పలవరిస్తాడు. దొరగారికి కూడా నెలకిందటే చెప్పినా."

"ఆ వెనక గది?"

"కుర్చీలు తప్ప ఏమీ లేవు సార్. తలుపు మూస్తానే తాళం పడింది, తాళంచెవి మద్దిలేటి దగ్గరుండె. ఆసుపత్రిలో యాడ పడిపోయిందో."

అంటే అది ఒక్కటే కడగని గది. వార్డెన్ అటు తిరగ్గానే దేవేంద్రప్ప హాలు చుట్టూ తిరిగి వెనక కిటికీ పట్టుకున్నాడు. రెండు చువ్వలు లేని కిటికీ. యాభై నాలుగేళ్ళ మోకాలు గోడకు గీరుకుపోయింది. కోటు భుజం దగ్గర చిరిగింది. తిట్టుకుంటూ లోపలికి దూకాడు.

కుర్చీలు. రంగుకాగితాల తోరణాలు. మడిచి పడేసిన తెర. దాని కింద చీమలబారు.

తెర ఎత్తాడు. నీలం అంచున్న పింగాణీ పళ్ళెం ఒకటి. అడుగున బొరుగులతో చేసిన ఉగ్గాని మిగులు, పక్కన ఎండిపోయిన వేరుశెనగ పచ్చడి. మూడు వైపుల నుంచీ వేళ్ళతో తుడిచిన గీతలు.

గది నాలుగు మూలలా గాలించాడు. ఇంకో పళ్ళెం లేదు. ఒక్క ఇస్తరాకు లేదు. ముగ్గురూ ఒకే పళ్ళెంలో తిన్నారు.

పచ్చడిని చాకుమొనతో కెలికి, కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. కర్నూలు జిల్లాలో పుట్టినవాడు మిరప విత్తనాన్ని కళ్ళు మూసుకునైనా గుర్తుపడతాడు. నున్నగా, బల్లపరుపుగా, లేతపసుపుగా ఉంటుంది. అవి చాలా ఉన్నాయి. వాటి మధ్య సగం నలిగిన ఇంకో రకం. కాస్త ముతకగా, మట్టిరంగులో, చెవి ఆకారంలో. ఒకటి నాలుక కొన మీద పెట్టుకుని వెంటనే ఉమ్మేశాడు. మంట లేదు. చేదు.

ఉమ్మెత్త గింజ.

బీడు భూముల్లో ఎక్కడ పడితే అక్కడ దొరికే విషం. పచ్చడిలో నూరితే కారం దాని చేదును కప్పేస్తుంది. ముందు తీరని దాహం. తరవాత కంటిపాపలు పెద్దవై, లేనివి కనబడి, మనిషి పిచ్చివాడిలా వాగుతాడు. మోతాదు మించితే ఇక లేవడు.

విషం దొరికింది. ఎవరిదో తెలియాలంటే వంటమనిషి సంతోషమ్మ కావాలి. ఆమె ఆసుపత్రికి పోయిందట. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదట. నాలుగున్నర అయింది. అయిదయింది. దేవేంద్రప్ప వంటపాక ముందు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఆసుపత్రికి పోదామంటే దారిలో ఆమెను దాటిపోతామేమోనని భయం. ఉండిపోదామంటే గడియారం ఉండనివ్వదు.

అయిదున్నరకు గేటు దగ్గర కనబడిందామె. కొంగుతో చెమట తుడుచుకుంటూ నవ్వుతోంది.

"కళ్ళు తెరిచినాడప్పా మద్దిలేటి! నన్ను గుర్తుపట్టినాడు! దేవుడు శానా గొప్పోడు!"

"సంతోషమమ్మా. ఈ పళ్ళెం ఎవరిది?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇది ఈడికెట్లొచ్చె? ఇది సెక్రటరీ పళ్ళెం కద. అందరికీ ఇస్తరాకులు, రుచి చూసేదానికి ఒక్కటి ఈ పింగాణీది. లేవే తెచ్చిపెట్టినాడు."

"దీంట్లో వడ్డించింది నువ్వేనా?"

"ఉగ్గాని, బజ్జీలు నేనే పెట్టినా. పచ్చడి ఏసేలోపల వార్డెన్ సారొచ్చి, నీకు పొయ్యికాడ పనుండాది, తక్కింది నేను చూసుకుంటాలే అని తీసకపాయ."

"వార్డెన్?"

"ఆ. ఆయన గదికి తీసకపోయి, మల్ల ఆయనే తెచ్చి లేవి చేతికిచ్చె."

దేవేంద్రప్ప పళ్ళెం నేల మీద పెట్టి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "సరే. మరి లేవి దీన్ని ఏంటికి తినలేదు? విషమని తెలుసా?"

"ఛీ ఛీ! ఆ పిల్లోడా!"

"తెలీకపోతే ఏంటికి తినలేదు? తిన్న్యానని ఏంటికి సంతకం పెట్టినాడు?"

సంతోషమ్మ పైట కొసను వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"చెప్పగూడదప్పా."

"అమ్మా! పొద్దున్నుంచి ఒకడు సోమవారం చెప్తానంటాడు, ఒకడు కడిగేసినానంటాడు, నువ్వు చెప్పగూడదంటావు. ఇంకో గంటలో ఆ పిల్లోన్ని రిమాండుకు పంపుతారు. వాళ్ళమ్మకు నువ్వే చెప్పుకో పో!"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మాకిప్పుడు శ్రమల దినాలప్పా. ఈస్టర్ పండగకు ముందర నలభై దినాలు. ఆ పిల్లోడు పొద్దుగూకిందాకా ముద్ద ముట్టడు. ఉపాసం పట్టినోడు పట్టినట్ల కనపడగూడదని మా పెద్దోళ్ళు నేర్పించినారు. నలుగురికీ తెలిసిందా, ఆ ఉపాసం గాలికి పోయినట్లే. మొగం కడుక్కుని, తలకు నూనె రాసుకుని అందరి మాదిరి తిరగల్ల. హాస్టల్లో గూడా మధ్యాన్నం అన్నం పెట్టించుకుంటాడు, పోయి ఎవరికో పెట్టేస్తాడు. నేను వంటమనిషిని. ఎవరు తిన్న్యారో తినలేదో నాకు తెలీకుండ్య పోతాదా?"

దేవేంద్రప్పకు లాకప్పు గుర్తొచ్చింది. ముట్టని సంగటి ముద్ద. నున్నగా దువ్విన తల. రెండూ కళ్ళెదుటే ఉండగా, లాకప్పులో సోకని కానిస్టేబుల్ అంటే తనూ అదే అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం!

నిన్న అయిదూ పదికి ఆ కుర్రవాడు ఎలా ఇరుక్కున్నాడో ఇప్పుడు అర్థమయింది. తినకపోతే తాను రాసిన నియమం తప్పాలి. తింటే దేవుడికిచ్చిన మాట తప్పాలి. ఎందుకు తినలేదో చెబితే ఉపవాసమే వ్యర్థం. అందుకని సంతకం పెట్టి, పళ్ళెం తీసుకుపోయి ఆకలి మీదున్న ముగ్గురికి ఇచ్చేశాడు. ఇప్పుడు నిజం చెబితే ఏడాది పోరాడి సాధించిన నియమం మొదటి రోజే అబద్ధమని తేలుతుంది.

"అమ్మా, ఆ విషం ముగ్గురికని పెట్టింది కాదు. ఒక్కనికని పెట్టింది. ఆ ఒక్కడే తినలేదు."

"లేవికా? వానికెవరప్పా పగోళ్ళు?"

దేవేంద్రప్ప హాల్లోకి పరుగెత్తాడు. గోడకు అంటించిన నియమాల కాగితం ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నం నుంచి దాని పక్కనుంచే తిరిగాడు, చదవలేదు.

రెండు: వచ్చినవారి పేర్లు రాయాలి, పోయేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టాలి. మూడు: బాధ్యుడైన అధ్యాపకుడు మొదటి నుంచి చివరిదాకా పిల్లల కళ్ళెదుట ఉండాలి, మధ్యలో బంధువుల ఇంటికి భోజనానికి పోరాదు. ఏడు: నీళ్ళున్నచోట ఈత వచ్చినవారు ఇద్దరు, తాడు ఒకటి ఉండాలి.

నాలుగు గోడల మధ్య జరిగే సోషల్‌కు తాడెందుకు? బంధువుల ఇంటి భోజనం సంగతి నియమాల్లో ఎవడు రాస్తాడు? చూసినవాడే రాస్తాడు! అవి కిందటేడు ఏటి దగ్గర ఏమేం జరగలేదో వరసగా చెప్పే వాఙ్మూలం.

కింద అధ్యాపకుల సంతకాలు అయిదు. ఆరో పేరు, వార్డెన్ జ్ఞానరాజు. దాని ఎదుట ఖాళీ.

"సంతోషమ్మా! కిందటేడు పిల్లల్ని ఏటికి తీసుకపోయింది ఎవరు?"

"వార్డెన్ సారే. గట్టు మీదే ఉన్న్యానని, ఏసన్న మాట వినకుండ్య దిగినాడని రాసిచ్చె. పాపం, ఏసన్న లేవి గదిలోనే ఉండేవాడు."

ఇక సోమవారం సంగతి అడగనవసరం లేదు. కమిటీ ముందు లేవి చెప్పబోయేది ఏసన్న చావు సంగతే; పిల్లల్ని ఏటి దగ్గర వదిలి భోజనానికి పోయాడన్న ఆ మాట వార్డెన్ ఉద్యోగానికి ఉరితాడు. కానీ అరవై మంది ఎదుట లేవి లేనివి చూస్తూ పిచ్చికూతలు కూసి ఉంటే? మతి చలించిందని వార్డెన్ నెలకిందటే దొర చెవిన వేసి ఉంచాడు. పిచ్చివాడి సాక్ష్యం ఎవరు వింటారు?

"యాడున్నాడు మీ వార్డెన్?"

"నేనొచ్చేటప్పుడు గేటు కాడ ఎదురొచ్చె, మద్దిలేటి సంగతి ఆయనకూ చెప్పినా. చేతిలో కారియర్. లేవి పొద్దుగూకినాక తింటాడు కదా, లాకప్పుకు ఇచ్చొస్తా అనె."

"పొద్దుగూకినాకనా? ఆ మాట ఆయనే అన్న్యాడా?"

"ఆయనే అనె. నేనేం చెప్పలేదప్పా!"

నిన్న పళ్ళెం గురి ఎందుకు తప్పిందో జ్ఞానరాజు కూడా ఆలోచించుకున్నాడు. తనకన్నా ముందే తేల్చుకున్నాడు. గడియారంలో అయిదూ యాభై అయిదు. ఇంకో అరగంటకు పొద్దుగూకుతుంది.

*

జట్కా గుర్రానికి కొరడా దెబ్బలు తగులుతున్నా అది తన నడక మార్చుకోలేదు. స్టేషను వాకిట్లో దూకేసరికి ఆరూ పదిహేడు.

లాకప్పులో లేవి ముందు కారియర్ గిన్నెలు తెరిచి ఉన్నాయి. వాడు వాటివైపు చూడటం లేదు. ఎదుటి గోడ మీద పైకి పాకుతున్న ఎండ ముక్కను చూస్తున్నాడు. అది బెత్తెడు మిగిలింది.

"ముట్టొద్దు లేవీ! నీకు పుణ్యముంటుంది, ముట్టొద్దు!"

కుర్రవాడు ఉలిక్కిపడి గిన్నెల్ని వెనక్కి తోశాడు.

"ఏమప్పా," అన్నాడు పుల్లయ్య, బల్ల వెనక నుంచి. "పిల్లోని కూటికి గూడా అడ్డమేనా నువ్వు? నేను చూసే లోపలికి పంపినా. బయటి తిండి మేం రుచి చూడకుండ్య ఇయ్యం. కాలేజీలోనే అనుకున్న్యావా రూల్సు? మాకూ ఉండాయి."

దేవేంద్రప్ప బల్ల మీదికి వంగాడు. "ఎంత తిన్న్యావు?"

"నాలుగు బజ్జీలు. పచ్చడి మాత్రం శానా బాగుండాది." పుల్లయ్య పెదవులు నాక్కున్నాడు. "ఒరే, నీళ్ళు తే."

"ఇది అయిదో చెంబు సార్," అన్నాడు కానిస్టేబుల్.

దేవేంద్రప్ప పుల్లయ్య గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పాడు. వెలుగు నేరుగా పడినా కంటిపాపలు ముడుచుకోలేదు. నల్లగా, రూపాయంత ఉన్నాయి. పుల్లయ్య ఆ చేతిని విసిరికొట్టి, బల్ల మీద లేని ఈగల్ని తోలడం మొదలుపెట్టాడు.

"ఎన్ని ఈగలప్పా! కమలాపురంలో గూడా ఇన్ని లేవు..."

లాకప్పులో లేవి లేచి నిలబడ్డాడు. రెండు చేతులా చువ్వలు పట్టుకున్నాడు.

"సార్. రాసుకోండి సార్. నేను తినలేదు. తినకుండ్య సంతకం పెట్టినా. నా పళ్ళెం నేనే వాళ్ళకిచ్చినా. నాకు రావాల్సింది వాళ్ళకు తగిలింది."

పొద్దున్నుంచి దేవేంద్రప్ప ఎదురుచూసిన మాట అది. వచ్చింది. తీరా దాన్ని రాసుకోవలసిన అధికారి బల్ల మీద ఈగలు తోలుకుంటున్నాడు!

"రాసేది తరవాత. తలుపు తీయండి. రిమాండు కాగితం నాకియ్యండి. ఆ గిన్నెలు అట్లే మూసి సీలు వెయ్యండి." కానిస్టేబుల్ తాళం తీసి గిన్నెలు బయటికి తెచ్చాడు. ఒకటి. రెండు. మూడు. కారియర్ చట్రంలో ఆ మూడూ పోను ఇంకో గిన్నె పట్టేంత చోటుంది.

"నాలుగోది యాడ?"

"అది ఈడియ్యలేదు సార్. వార్డెన్ సారు చేతిలోనే పట్టుకపోయె."

"యాడికి?"

"ఆసుపత్రికి సార్. మద్దిలేటి కళ్ళు తెరిచినాడంట కద. అరగంటయింది."

తాము తిన్నది సెక్రటరీ పళ్ళెమని మద్దిలేటి నోరు విప్పితే జ్ఞానరాజు బయటపడతాడు. దేవేంద్రప్ప అప్పటికే పుల్లయ్య జబ్బ పట్టుకుని జట్కా వైపు ఈడుస్తున్నాడు. వెనకనుంచి లేవి పరుగెత్తుకొచ్చి బండి పట్టుకున్నాడు.

"బిరీన తోలమనండి సార్! మద్దిలేటి ఆయన్ను అనుమానించడు. నిన్నటి నుంచి పస్తుండాడు, పెడితే కాదనడు!"